గూడబాతులకు పెళ్లిచూపులు

నేను చెప్పే కబుర్లలో ఒక గూడబాతు నా టిఫిన్ క్యారియర్‌ను సంచిలాంటి తన ముక్కులో వేసుకుని పలాస నుంచి టెక్కలి దాకా ఎగిరింది. చేప ముక్కలు తినేసి, పప్పు గిన్నె మాత్రం తిరిగిచ్చింది. పలాస జీడి బట్టీల దగ్గర ఈ కబురు బాగా చెల్లేది. మా అత్తవారి ఊళ్లో చెల్లేది కాదు. టెక్కలికి దగ్గర్లోని ఆ ఊరి చింతచెట్ల మీద ఆ పక్షులు నిజంగానే ఉండేవి. ఏటా చలికాలానికి వచ్చి గూళ్లు కట్టుకునేవి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకునేవాళ్లు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక చలికాలం, ఇద్దరు విదేశీయులు వస్తారని కబురొచ్చింది. ప్రపంచంలో పక్షులు చేరే ఇలాంటి తావులన్నీ చూసి, దేనికి ముందు సాయం అందాలో, ఎక్కడ ఏ పని మొదట చేయాలో వరుస కట్టడం వాళ్ల పని. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కనుక దుబాసీని నేనే. ఇదంతా ఏమిటని వీధివాళ్లు అడిగితే, "పెళ్లిచూపుల్లాంటివే. మన ఊరు నచ్చితే చెరువు పూడిక తీయిస్తారు, చెట్లకు కాపలా పెడతారు" అన్నాను.

ఇంకేముంది! పెళ్లిచూపులకు ఇల్లు ఎలా ఉండాలో తెలియనిదెవరికి? రెట్టలతో తెల్లబడ్డ పెరళ్లు కడిగారు. గూళ్ల నుంచి రాలిన చేపలు ఏరి బ్లీచింగ్ చల్లారు. మా అత్త పెరట్లోని చెట్టుకే గూళ్లు ఎక్కువ.

"పిల్లలున్నాయి బాబూ, ఆ సెట్టు జోలికెల్లకండి" అందావిడ.

"ఇలా ఉంటే వాళ్లు జీపు దిగరత్తా" అని నేనే పని పురమాయించాను. మొదలుకు సున్నం, పైన ఎర్రమన్ను పట్టీ. అంతటితో ఊరుకోక, గూళ్లు బాగా కనబడాలని నిచ్చెన వేయించి, అడ్డొచ్చే రెండు కొమ్మలు కొట్టించాను.

రెండో కొమ్మ విరిగి పడేసరికి పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గూళ్లలో రెక్కలు రాని పిల్లలు, వాటి నెత్తిన ఎండ. సరిగ్గా అప్పుడే జీపు ఆగింది.

"పెళ్లిచూపులని సెప్పి పెళ్లికూతుర్నే తోలీసినావు గదా బావా!" అన్నాడు మా బామ్మర్ది. ఎవరూ నవ్వలేదు.

అత్త అతిథులకు దణ్ణం పెట్టి, వాళ్లతో సహా అందర్నీ ఇంట్లోకి తోలి తలుపు వేసింది. "మడుసులు కనిపిత్తే అవి దిగవు. గమ్మున కూసోండి."

ఆ చీకటి గదిలో, బెల్లం గవ్వల పళ్లెం ముందు కూర్చుని, అతిథుల్లో పెద్దాయన కలం తీసి గుసగుసగా అడిగాడు: ఇక్కడ అన్నిటికంటే ముందు ఏం కావాలి? కంచా, కాపలా మనుషులా, చెరువులో నీళ్లా? నేను తెలుగులో చెప్పాను. అత్త కిటికీ సందులోంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడేటి అడుగుతన్నారు బాబూ వోళ్లు? ముందు తల్లులు రావాల."

దాన్ని ఇంగ్లీషులోకి మార్చకుండా, కాస్త ఆగమని ఆయనకు సైగ చేశాను.

పొద్దు వాలే వేళకు పక్షులు ఒక్కొక్కటిగా దిగాయి. చివరి గూటికి మాత్రం కాకులే ముందు చేరాయి. అత్త పెరట్లోకి పరిగెత్తబోయి, వెళ్తే మిగతావి మళ్లీ లేస్తాయని గడప దగ్గరే ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏమైందని పెద్దాయన నన్ను అడిగాడు. గవ్వలు తినండని పళ్లెం ఆయన ముందుకు జరిపాను.

"సెప్పండి బాబూ" అంది అత్త, ఇటు తిరక్కుండానే. "మీరే సెప్పాల."

సున్నం దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఆయన ఏమీ రాసుకోకుండానే కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.