ఇత్తడి పీచు

ఆ ప్రయోగశాలలో గాజు సామాను కడిగే ఆయన్ని అందరూ తళతళ బాబాయ్ అనేవారు. ముప్పయ్యొక్కేళ్లుగా అదే గది, అదే తొట్టి. ఆయన కడిగిన ఫ్లాస్కులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని కుర్ర శాస్త్రవేత్తలు ఆటపట్టించేవారు. ఆయనా నవ్వేవాడు.

అసలా మెరుపు ఇత్తడి పీచుది. అడుగున మాడి అంటుకున్న తారు మెత్తటి బ్రష్షుతో పోతుందా, నా మొహం! లోహపు పీచు వాడితే గాజు మీద గీతలు పడతాయని, వాడకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉండేది. బాబాయ్ రెండుసార్లు పట్టుబడ్డాడు. మూడోసారి దొరికితే ఇంటికే అన్నారు. అయినా తలుపు దగ్గరికి వేసి, పీచుతో నాలుగు రుద్దులు రుద్ది, పైపైన నీళ్లు పోసి బయట పెట్టేవాడు.

ఆ రోజుల్లో అక్కడ పెద్ద మేడమ్ ఉండేది. పల్లాడియం అనే లోహాన్ని చిటికెడు వేసి, రెండు కర్బన పదార్థాలను ఒకటిగా అతికించే పద్ధతి కనిపెట్టింది. ఉత్ప్రేరకం సంగతి తెలిసిందేగా, సంబంధం కుదిర్చే పెద్దమనిషి లాంటిది. ఇద్దరినీ కలిపి, తను మాత్రం చెక్కుచెదరకుండా బయటపడుతుంది. వేరే లోహం తోడు అక్కర్లేదు, పల్లాడియం ఒక్కటే చాలునని మేడమ్ వ్యాసం రాసింది. కానీ ఇంకెక్కడ చేసినా ఆ చర్య జరగలేదు. ఊరుకుంటారా? కట్టుకథ అన్నారు. చివరికి ముగ్గురు పెద్దలు, మా కళ్ల ముందు చేసి చూపించమని వచ్చారు.

అప్పుడే బాబాయ్ కొంప ముంచాడు. మేడమ్ పరువు నిలవాలంటే గాజు మీద మచ్చ ఉండకూడదనుకున్నాడు. పైగా పరాయివాళ్లు వచ్చిన రోజున పీచు కనబడితే తన గతేం కాను? దాన్ని అవతల పారేసి, ఫ్లాస్కులన్నీ రెండు రోజులు ఆమ్లంలో నానబెట్టి, కొత్త బ్రష్షుతో కడిగాడు. మేడమ్ మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఏమీ జరగలేదు.

ఆ మధ్యాహ్నం మూడింటికి ఆవిడ చెప్పులు టపటపలాడించుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, కడగడంలో ఏమన్నా మార్చావా? ఇన్నాళ్లూ ఏదో లోహం నలుసు కలిసి నాకు సాయం చేసిందేమోనని అనుమానంగా ఉంది."

బాబాయ్‌కి ఉద్యోగం గుర్తొచ్చింది. బడికెళ్లే ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారు.

"లేదమ్మా. ఎప్పట్లాగే" అన్నాడు.

ఆవిడ తలూపి వెళ్లిపోయింది. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం వదిలేసింది. ఏడాదిన్నరకు గుండె ఆగి పోయిందని కబురొచ్చింది.

ఆ కబురు వచ్చిన వారం నుంచి మొదలైంది. సరిగ్గా మూడింటికి వెనకాల చెప్పుల చప్పుడు వచ్చి ఆగేది. మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కడిగి ఎత్తిన ఫ్లాస్కులో తన ముఖం వెనక ఇంకో ముఖం. ఆయన చేతుల్లోంచి జారి పగిలినవి ఎన్నో.

"దెయ్యమూ లేదు, పాడూ లేదు. కడుపులో ఏదో మాట దాచుకున్నావు, అదే నిన్ను తింటోంది" అంది భార్య.

"నోరు మూసుకో!" అని అరిచి, గోడవైపు తిరిగి ఏడ్చాడు.

మేడమ్ శిష్యుడు, చిన్న సారు, మాత్రం ఆవిణ్ని నమ్మాడు. మూడేళ్లుగా పల్లాడియానికి వెండిని జత చేశాడు, నికెల్‌ని జత చేశాడు, రాగిని, జింకునూ విడివిడిగా వేసి చూశాడు. అన్నీ బూడిదలో పోసిన పన్నీరే. ఆ ఓడిపోయిన ఫ్లాస్కులన్నీ కడిగింది బాబాయే. ఇక శుక్రవారంతో ఆపేయమని పైనుంచి హుకుం వచ్చింది. ఆపేస్తే మేడమ్ పేరు పక్కన అబద్ధం అన్న ముద్ర శాశ్వతం.

గురువారం ఉదయం బాబాయ్ బజారుకు వెళ్లి అలాంటి పీచే కొన్నాడు. తెచ్చి చిన్న సారు బల్ల మీద పెట్టాడు.

"దీంతో కడిగేవాణ్ని బాబూ. ఆ పెద్దలొచ్చినప్పటి నుంచే మానేశాను."

చిన్న సారు పీచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇత్తడి! అంటే రాగీ జింకూ రెండూ కలిసే ఉంటాయి. నేను విడివిడిగా వేశాను గానీ మూడింటినీ కలిపి చూడలేదే! ఎంత మొద్దునయ్యా నేను!"

మధ్యాహ్నానికల్లా, ఊదా దీపం కింద పెట్టిన పరీక్ష పలక మీద, కొత్త పదార్థం పుట్టిందని చెప్పే చుక్క కనిపించింది. అతుకు పడింది. చిన్న సారు చిన్నపిల్లాడిలా ఏడుస్తూ బాబాయ్‌ని వాటేసుకున్నాడు.

"ఆవిడ అబద్ధం ఆడలేదు బాబాయ్! అందరికీ రాస్తాను, ఆవిడ పేరే ముందుంటుంది." కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగాడు. "అవునూ, ఆవిడకీ అనుమానం రాలేదా? నిన్నెప్పుడూ అడగలేదా?"

లేదు అని చెప్తే సరిపోయేది. చూసినవాళ్లెవరూ లేరు. మూడయింది. చెప్పుల చప్పుడు వచ్చి వెనకాల ఆగింది. ఈసారి బాబాయ్ తిరిగి చూడలేదు.

"అడిగింది బాబూ. లేదన్నాను."

చిన్న సారు బాబాయ్ భుజం మీంచి చెయ్యి తీసేశాడు. తిట్టలేదు, ఎవరికీ చెప్పనూలేదు. వ్యాసం మేడమ్ పేరుతోనే వెళ్లింది. బాబాయ్ రిటైరయ్యేందుకు ఇంకా ఇరవై మూడు రోజులుంది. ఆ ఇరవై మూడు రోజులూ చిన్న సారు తన ఫ్లాస్కులు తనే కడుక్కున్నాడు.