కర్చీఫ్ తీసేసినాయనకి ఆఖరి ఎపిసోడ్

ఈ సాయంత్రం రాజమండ్రి స్టేషన్లో పాసింజర్ రైలు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నాను. రోజూ తిరిగేవాళ్లం అందరం చేసే పనే. తోసుకుంటూ లోపలికి వెళ్లేసరికి ఓ పెద్దాయన నా కర్చీఫ్ పక్కన పెట్టేసి దర్జాగా కూర్చున్నాడు. అదేంటని అడిగితే, "కర్చీఫ్ వేసినంత మాత్రాన సీటు మీ పేరున రాసిచ్చేస్తారేంటండి?" అన్నాడు.

నిలబడ్డాను. ఆయన ఫోన్ తీసి, ఊరంతా వినేంత సౌండుతో ఓ పాత డిటెక్టివ్ సీరియల్ ఆఖరి ఎపిసోడ్ పెట్టాడు. అప్పట్లో టీవీలో అన్నీ చూశాడట. ఆఖరిది మాత్రం చెల్లెలి పెళ్లి హడావిడిలో తప్పిపోయిందట. అందులో జమీందారుని చంపిందెవరా అని ముప్ఫై ఏళ్లుగా బుర్ర తొలిచేస్తోందట. ఇదంతా పక్కాయనకి చెబుతుంటే గోదావరి బ్రిడ్జి పొడవునా విన్నాను.

నేను దిగాల్సిన నిడదవోలు వచ్చేసింది. ఫోన్లో డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, హంతకుడి పేరు చెప్పబోతున్నాడు. నేను వంగి, వీలైనంత మర్యాదగా చెప్పాను.

"వంటాయనేనండి చంపింది."

కత్తివేటుకి ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఎంత పని చేశారండీ!" అని ఫోన్ ఆపేసి జేబులో పెట్టేసుకున్నాడు. నేను ప్లాట్‌ఫారం మీదకి దిగాక కిటికీలోంచి చెయ్యి చాపి, "మీ కర్చీఫ్ మర్చిపోయారండి" అని అందించాడు కూడా.

ఇంటికొచ్చి సుబ్బరంగా భోంచేశాను. ఇంతకీ ఆ జమీందారుని చంపిందెవరో, చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి. నేనా సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు.