నెల రోజులు నిల్వ ఉండే గారెలు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేమీ కాదు, అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్లు ఉన్న రోజులే, మా మెదక్‌లో ఆడపిల్ల ఉద్యోగమంటే టీచరు, నర్సు, బ్యాంకు. ఈ మూడూ కాకుండా నాలుగోది ఏది చెప్పినా ఎదుటివాళ్లు మొహం అదోలా పెట్టేవారు. నేను డిజిటల్ మార్కెటింగ్‌లో చేరానని చెబితే మా వీధి చివరి అత్తమ్మ మొదటి మాటను వదిలేసి రెండో మాటను పట్టుకుంది. "మార్కెట్లనా? ఏం అమ్ముతున్నవ్ బిడ్డా, కూరగాయలా?" అంది ఎంతో జాలిగా. ట్రాక్టర్ సామాన్ల దుకాణం నడిపే మా బాపుదీ ఇంచుమించు అదే అయోమయం. "దినమంత ఫోన్ చూసుడే కదా, దానికి జీతమిస్తరా ఎవలన్నా?" అని నన్ను కాక గోడను అడిగేవాడు. ఇక మా అమ్మ. అంతకుముందు "ఆ ఫోన్ అవతల పడెయ్యి" అని రోజూ తిట్టిన మనిషి, నేను ఉద్యోగంలో చేరాక కాసేపు ఖాళీగా కూర్చుంటే చాలు, "ఏందే, ఫోన్ చూస్తలేవు? నౌకరి గిట్ల పోయిందా?" అని కంగారు పడేది.

నౌకరీ ఇచ్చినావిడను ఊరంతా ఆపా, అంటే అక్క, అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. రాందాస్ చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ దుకాణం మీద ఒకే గది, రెండు కంప్యూటర్లు, ఎండ వస్తే పనిచేయని ఒక కూలర్. అదే ఆఫీసు. ఆపా మొదట ఇంట్లో కూర్చుని డ్రెస్ మెటీరియల్ ఆన్‌లైన్‌లో అమ్మింది. అమ్మీ అమ్మీ, బట్టల కన్నా అమ్మే విద్యకే గిరాకీ ఎక్కువని తెలుసుకుని ఊళ్లో దుకాణాలకు ప్రకటనలు పెట్టి ఇచ్చే పని మొదలుపెట్టింది. ఫోన్ మోగితే అవతలివాళ్లు ముందు అడిగే మాట "సారుకియ్యమ్మా" అనే. ఆపా ఏమాత్రం విసుక్కోకుండా "సారును నేనే, చెప్పుండ్రి" అనేది. వాళ్లు నంబరు మళ్లీ ఒకసారి సరిచూసుకుని, ఆ తర్వాత పని మాట్లాడుకునేవారు. (నాకు వచ్చిన మొదటి ఫోన్‌కు నేనూ అలాగే అనబోయి, తడబడి "సార్ నేనే అమ్మా" అన్నాను. అవతల ఉన్నది ఎరువుల దుకాణం యజమాని, మీసాలాయన.)

ఆపా నాకొక షరతు పెట్టింది. ప్రకటన పెట్టించుకునే ఒక గిరాకీని నేనే తెచ్చి, నేనే నడిపించి చూపించాలి. అప్పుడే నౌకరీ ఖాయం. నాకు తెలిసిన వ్యాపారస్తురాలు లోకంలో ఒక్కతే, పాపన్నపేటలో ఉండే మా పెద్దమ్మ. ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లను తోడు పెట్టుకుని గారెలు, సకినాలు చేసి పెళ్లిళ్లకూ మెదక్ దుకాణాలకూ పంపేది. కొంతకాలంగా దుకాణాల్లోకి మెరిసే ప్యాకెట్లలో మిషన్ సరుకు వచ్చేసరికి ఆమె డబ్బాలు అల్మారాలో వెనక్కి పోయాయి. "ఇట్లనే ఉంటె మూకుడు దించుడే" అంటుండేది. నేను వెళ్లి ఆన్‌లైన్ అనగానే చేతులు అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. ఊర్లయితె నలుగురే నవ్వుతరు. ఫోన్ల అంటె లోకమంత నవ్వుతది." నేను రొమ్ము విరుచుకుని, "పెద్దమ్మా, నీ పేరు చెడకుంట చూసుడు నా జిమ్మేదారి" అన్నాను. ఇరవై ఒకటి నిండిన వయసులో ఎవరి జిమ్మేదారి అయినా తీసుకోవచ్చు, ఖర్చేం లేదు అనిపిస్తుంది.

ఒప్పుకుంది గానీ ఫోటో మాత్రం తియ్యనివ్వలేదు. మూకుడు పొయ్యి మీద ఉండగా పరాయి కన్ను పడితే దిష్టి తగిలి గారె నూనె తాగుతుందట. "ఫోన్‌కు కన్నెక్కడిది పెద్దమ్మా?" అన్నాను. ఆమె నా ఫోన్ వెనక్కి తిప్పి, "నల్లగ, గుండ్రంగ, గిదేంది మరి?" అంది. కెమెరాను అంతకన్నా బాగా వర్ణించడం నాకూ రాదు కనుక ఫోన్ సంచిలో పెట్టేశాను. చివరికి మూత పెట్టిన స్టీలు డబ్బాకు మాత్రం ఫోటో దొరికింది. లోపల ఏముందో ఆ డబ్బాకూ, మాకూ మాత్రమే తెలుసు.

ఆ డబ్బా ఫోటో మీద నేను రాసిన మాటలు ఇప్పటికీ నోటికి వస్తాయి. 'మెదక్ గారెలు! పెద్దమ్మ చేతి కమ్మదనం! ఫ్రిజ్ అక్కర్లేదు, నెల రోజులు నిల్వ!' నేను ఫోన్‌లో పాఠాలు విన్న కోర్సు సారు, మొదటి మూడు సెకన్లలో చూసేవాడు ఆశ్చర్యపోవాలని చెప్పాడు. అందుకని ప్రతి వాక్యానికీ ఒక ఆశ్చర్యార్థకం తగిలించాను. ఆపా చదివి "మస్తుంది, పెట్టెయ్" అంది. ప్రకటన ఏ ఊళ్ల వాళ్లకు చూపించాలి అని ఫోన్‌లో మ్యాపు అడిగితే, మెదక్ ఒక్కటే ఎందుకు, తెలుగు చదవగలిగిన ప్రతివాళ్లూ గారెలు తింటారు కదా అనుకుని శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అంతా ఎంచుకున్నాను. సముద్రం అంచు దాకా నా ప్రకటన వెళ్తోందని గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున లేచేసరికి ఫోన్ ఒకటే మోత. వందల కామెంట్లు. చదవలేదు, ఎన్నున్నాయో చూసుకున్నానంతే. వంటింట్లోకి పరుగెత్తి "అమ్మా, మస్తు ఎంగేజ్‌మెంట్ వచ్చింది!" అని అరిచాను. అమ్మ చేతిలో గరిటె కిందపడింది. "ఎంగేజ్‌మెంటా? ఎవలిదే? ఎవడే వాడు?" అంటూ నా వెంట పడింది. బాపు దుకాణానికి పోయేవాడల్లా చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వచ్చాడు. ఎంగేజ్‌మెంట్ అంటే మనుషులు కామెంట్లు పెట్టడమని వాళ్లకు నచ్చజెప్పేసరికి ఆఫీసుకు ఆలస్యమైంది. (బాపు అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. వారం దాకా నా ఫోన్ మోగితే తల తిప్పి చూసేవాడు.)

ఆఫీసులో ఆపా, నేను కలిసి కూర్చుని చదవడం మొదలుపెట్టాం. 'గారె నెల రోజులా? మా ఇంట్లో నిమిషం ఉండదు.' సరే, మెచ్చుకోలే. 'నెల తర్వాత ఆ గారెలతో ప్రహరీ కట్టుకోవచ్చండి.' ఇదేమిటి? 'నెలనాటి గారెలు సరే, వాటిల్లోకి పెరుగు ఏ నెలది?' మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. "గారెలల్ల పెరుగెందుకు?" అంది ఆపా. నాకూ తెలియలేదు. గుంటూరు నుంచి ఒక టీచరమ్మ అయితే క్లాసు పీకినట్టు రాసింది. 'పొద్దున వండిన గారె సాయంత్రానికే పాడవుతుంది. నెల రోజులు నిల్వ ఉంటుందంటే అందులో ఏం కలుపుతున్నారో చెప్పండి. పిల్లలు తినే వస్తువండీ ఇది.' దాని కింద ఇంకెవరో 'గారె అంటే ఇది తల్లీ' అని ఒక ఫోటో పెట్టారు. మెత్తగా, ఉబ్బి, నడుమ చిల్లుతో.

"ఆపా," అన్నాను, ఆ చిల్లు మీద వేలు పెట్టి, "గిది వడ!"

మాకు డబ్బాలో పెట్టే గారె అంటే బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కారం కలిపి పల్చగా ఒత్తి, నూనెలో కరకరలాడేలా కాల్చేది. నెలేం ఖర్మ, మూత గట్టిగా పెడితే ఇంకా ఎక్కువే ఉంటుంది. (మక్కజొన్న గారెల్లాంటి మెత్తనివీ మాకున్నాయి, కానీ సకినాల పక్కన చెబితే ఏ గారెనో మాలో చిన్నపిల్లకైనా తెలుస్తుంది.) ఆ సముద్రం వైపు వాళ్లకేమో గారె అంటే మినప వడ. నేను లోకానికంతా నెలనాటి వడలు అమ్ముతానని మూడు ఆశ్చర్యార్థకాలతో చాటాను. ఆపా కాసేపు స్క్రీన్ చూసి, దుపట్టా నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను, ఎందుకంటే అప్పుడే పెద్దమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అడిగింది. "బిడ్డా, నా గారెలు పాశిపోయినయని ఫోన్ల అంటున్నరట, పక్కింటామె చెప్పింది. నువ్వు జిమ్మేదారి అంటివి గద." అంతే, పెట్టేసింది.

నా వేలు డిలీట్ బటన్ మీదికి పోయింది. ఆపా నా చెయ్యి పట్టుకుంది. "జర ఆగు. పరేషాన్ కాకు. ఇప్పుడు తుడిచేస్తె, పాశిపోయినయే అని ఒప్పుకున్నట్టయితది. ముందుగాల పోయి మీ పెద్దమ్మకు మొహం చూపెట్టు. ఆన్‌లైన్ ఏడికి పోదు, పెద్దమ్మ మనసిరిగితె మల్ల అతకదు." తర్వాత నేను ఎన్ని కోర్సులు చేసినా ఇంత పనికొచ్చే పాఠం ఎక్కడా వినలేదు. అప్పుడు మాత్రం, వెళ్లక తప్పదా అని ఏడుపొచ్చింది.

షేర్ ఆటోలో ఇరుక్కుని పాపన్నపేట చేరాను. పొద్దెక్కినా పెద్దమ్మ పొయ్యి వెలిగించలేదు. ఖాళీ మూకుడు బోర్లించి ఉంది. పక్కింటి ఆడవాళ్లిద్దరూ పిండి కలపకుండా గోడకానుకుని కూర్చున్నారు. నేను ఆ మూకుడు పక్కనే కింద కూర్చున్నాను. సంజాయిషీ ఏదీ రిహార్సల్ చేసుకున్నట్టు రాలేదు. ఫోన్ తీసి కామెంట్లన్నీ ఒక్కటీ దాచకుండా చదివి, చిల్లు వడ ఫోటో కూడా చూపించాను. ఆమె ఆ ఫోటోను దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"వడను గారె అంటరా వాళ్లు? మరి మన గారెను ఏమంటరు?"

"చెక్కలంటరట పెద్దమ్మా."

"చెక్కలా!" పాశిపోయాయన్న మాటకు రాని కోపం ఆ ఒక్క మాటకు వచ్చింది. "నేనేమన్న కట్టెకోత మిషన్ పెట్టిన్నా? చూడకుంట ఎట్ల మాట్లాడుతరు? చూపెడుదం పా."

"మరి దిష్టి?"

"తీసి చూపెడుదం."

పొయ్యి వెలిగింది. పిండి కలిసింది. పెద్దమ్మ గుప్పెట్లో దొడ్డుప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని, మూకుడుకు కాదు, నా ఫోన్‌కు దిష్టి తీసింది. "ఊరోళ్ల కండ్లు, పొరుగూరోళ్ల కండ్లు, సముద్రం పొంటి ఉన్నోళ్ల కండ్లు" అంటూ తిప్పి పొయ్యిలో వేసింది. "చూసినవా, జరంత గూడ ఘాటు రాలె. గంత దిష్టుండె!" అంది. నేను దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, అవునన్నట్టు తలూపాను. తర్వాత ఒక గారెను కెమెరా ముందు పట్టుకుని టప్‌మని విరిచింది. "అమ్మా, వింటున్నరా? గిది మా గారె. మీరు తినేటిది మాకు వడ. మా ఊర్ల లక్ష్మిలు నలుగురున్నరు, నలుగురు ఒక్కతేనా? పేరొక్కటైతె మనిషొక్కటైతదా? పాశిపోయిన సరుకు నేనెన్నడు అమ్మలె." ఆ మాట అంటూ విరిచిన ముక్కను కెమెరాకు ఇంకా దగ్గరగా పెట్టింది.

ఆఫీసుకు వచ్చి చూస్తే, నేను ఎప్పుడు నొక్కానో ఏమో, ఉప్పు తిప్పడం దగ్గర్నుంచి నా దగ్గు దాకా అంతా రికార్డయి ఉంది. మొదటి భాగం కత్తిరిస్తానన్నాను. ఆపా ఒప్పుకోలేదు. "మొదటి మూడు సెకన్లల ఆశ్చర్యపోవాలె అన్నడు గద మీ సారు. ఫోన్‌కు దిష్టి తీసుడు కన్న ఆశ్చర్యం ఇంకేమున్నది? దగ్గు గూడ ఉండనియ్యి." అలాగే పెట్టాం. ఇక అక్కడ యుద్ధం మొదలైంది. గారె అనేవాళ్లు, వడ అనేవాళ్లు, చెక్క అనేవాళ్లు, అప్పాలు అనేవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. మమ్మల్ని మరిచిపోయారు. ఆ గొడవ మధ్యలో మొదటి ఆర్డరు ఎవరిదనుకున్నారు? గుంటూరు టీచరమ్మది. 'లక్ష్మిల సంగతి ఒప్పుకుంటున్నాను. ఒక డబ్బా పంపండి, పరీక్షిస్తాను' అని రాసింది. పది రోజులకు ఫిర్యాదు కూడా రాసింది. 'నెల రోజులు నిల్వ ఉంటాయన్నారు. మా ఇంట్లో వారానికే డబ్బా ఖాళీ. ఇది మోసం.' ఆ ఫిర్యాదు చదివి వినిపిస్తే పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఆవిడను 'మన వడలామె' అని పిలవడం మొదలుపెట్టింది. కోట్ల వ్యాపారమేమీ కాలేదు. మూకుడు దించాల్సిన అవసరం రాలేదు, నా నౌకరీ ఖాయమైంది, అంతే.

ఇప్పుడు ఆ గది పక్క గది కూడా మాదే. అల్లాదుర్గ్ నుంచి, ఎల్దుర్తి నుంచి ఆడపిల్లలు పని నేర్చుకోవడానికి వస్తున్నారు, నన్ను సలహాలు అడుగుతున్నారు. కామెంట్లు చదివాకే అమ్మకు చెప్పమంటాను. మీకు తెలిసిన మాట అందరికీ తెలుసనుకోవద్దంటాను. ఏదైనా తేడా వస్తే ముందు మనిషి దగ్గరికి వెళ్లమని, తర్వాతే కంప్యూటర్ దగ్గర కూర్చోమని చెబుతాను. వాళ్లు బుద్ధిగా రాసుకుంటారు. నా సొరుగులో దొడ్డుప్పు పొట్లం ఎందుకుందో మాత్రం అడగరు, పెద్ద ప్రకటన పెట్టే రోజున నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చూసుకుని స్క్రీన్ చుట్టూ ఒక గుప్పెడు తిప్పుతాను లెండి.

మొన్న ఫోన్ దానంతటదే పాత జ్ఞాపకం అంటూ ఆ మొదటి ప్రకటనను పైకి తెచ్చింది. మూత పెట్టిన డబ్బా, మూడు ఆశ్చర్యార్థకాలు. ఆ వారం పాపన్నపేట వెళ్లినప్పుడు పెద్దమ్మకు చూపించాను. ఇప్పుడామె మూకుడు ముందు కూర్చోలేదు, మోకాళ్లు సహకరించవు. కుర్చీలో కూర్చుని కాల్చేవాళ్లకు అజమాయిషీ చేస్తుంది. అద్దాలు సవరించుకుని చదివి, "ఇన్నేండ్లయింది, గిది ఇంక పాశిపోలేదా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆటోలో తిరిగి వస్తూ మళ్లీ ఒకసారి తీసి చూసుకున్నాను. ఏమీ తెలియకుండానే లోకానికంతా జిమ్మేదారి తీసుకున్న ఆ పిల్ల మీద నాకు నవ్వొచ్చింది, కాస్త ముద్దూ వచ్చింది. ఇప్పుడు నేను ఏ ప్రకటన రాసినా పదిసార్లు చూసి, ఆశ్చర్యార్థకాలన్నీ తీసేస్తాను. ఆ రోజు మాత్రం ఫోన్ లోపల పెట్టే ముందు, ఆ మూడింటినీ వేలితో ఒక్కసారి తడిమాను.