లైన్ క్వార్టర్లలో ఖీమా డబల్‌రొట్టె

మొన్న షుగర్ పరీక్షకని నిజామాబాద్‌లో ఆసుపత్రికి పోయి, రక్తం ఇచ్చి, మళ్లీ రెండు గంటల తర్వాత ఇవ్వాలంటే బెంచీ మీద కూర్చున్నాను. నా ఎదుట ఒక పడుచు తల్లి ఇద్దరు పిల్లలకు డబ్బా విప్పి బ్రెడ్డు ముక్కల మధ్య ఖీమా పెట్టి తినిపిస్తున్నది. తినిపిస్తున్నంతసేపూ ఆమె గోడవైపే తిరిగి, చీరకొంగు డబ్బాకు అడ్డం పెట్టుకొని ఉన్నది. ఎవరూ ఆమెను చూడటం లేదు, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. కానీ ఆ గోడవైపు తిరగడమనేది నాకు బాగా తెలిసిన సంగతి గనుక, నా మనసు యాభై ఏండ్ల పైచిలుకు వెనక్కి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లైన్ క్వార్టర్లలోకి వెళ్లిపోయింది.

మా ఈడు వాళ్లకు ఆ బోధన్ గుర్తుండే ఉంటుంది. చెరకు బండ్లు తెల్లవారేసరికి ఊరి బయటిదాకా వరుస కట్టి నిలబడేవి, ఉతికి ఆరేసిన తెల్లబట్టల మీద చిమ్నీ మసి నల్లటి పొట్టులా వచ్చి వాలేది, సీజను నాలుగైదు నెలలూ ఊరంతా చెరకు మడ్డి వాసనే. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు గానీ, మాకది సంపాదన వాసన. పెళ్లయిన రెండో ఏడు నాకు అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు, అప్పటికింకా సీజను కార్మికుడే, పర్మనెంటు కాలేదు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ, తొమ్మిదో తరగతి చదివే మా ఆడబిడ్డ. ఒక గది, ఒక వంటకొట్టం, పక్కింటికీ మాకూ మధ్య తలెత్తితే అవతలి వాకిలి కనబడేంత గోడ.

మాది మాదిగ కుటుంబం. ఆ సంగతి లైనులో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనరు. మా మామగారు కందకుర్తి దగ్గరి పల్లె నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన కొత్తలో, నలుగురిలో తల ఎత్తుకొని బతకాలంటే పెద్దకూర, అంటే గొడ్డు మాంసం, మానాలని ఒట్టు పెట్టుకున్నారట. బతికినన్నాళ్లూ ఆయన ముట్టలేదు, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆయన పోయాక మా ఆయన అదే మాట పట్టుకున్నాడు. పెళ్లయిన వారానికే నన్ను కూర్చోబెట్టి, మన ఇంట్లో అది వండకూడదు, లైనులో మన పేరు పోతుంది, నా పర్మనెంటు పోతుంది అని మెల్లగా చెప్పాడు. కోపంగా చెప్పలేదు, బతిమాలినట్టుగా చెప్పాడు. నేను సరేనన్నాను గానీ నాకు లోపల వింతగానే అనిపించింది. మా నాయన మిషన్ ఆసుపత్రిలో వార్డు పని చేసేవాడు, మా ఇంట్లో ఆదివారం వస్తే చర్చి నుంచి రాగానే పెద్దకూర ఉడికేది, కిటికీ తెరిచే ఉండేది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. రేషను బియ్యం సగం నెలకే అయిపోయేవి, మిగతా రోజులు జొన్నలే. జొన్నరొట్టె చేయడం మా అత్తమ్మ చేతి పని. కానీ ఏండ్ల తరబడి చెరకు కొట్టిన ఆమె వేళ్లు బిగుసుకుపోయి, పిండి తట్టడం చేతకాకుండా పోయింది. హాస్టలులో అన్నం తిని పెరిగిన నేను రొట్టె చేస్తే పెనం మీదికి వేసేలోపే మూడు ముక్కలయ్యేది. దానికి తోడు అత్తమ్మకు జ్వరం వచ్చి తగ్గి, నోరు చేదుగా ఉందని రెండు ముద్దలకే పళ్లెం జరిపేసేది. నేను బడి నుంచి వచ్చేసరికి అయిదు దాటేది. కట్టెలు పచ్చివి, స్టవ్వులో కిరోసిన్ అడుగంటేది, ఆడబిడ్డ ఆకలితో పుస్తకం ముందర కూర్చొని అదే పేజీ చూస్తుండేది. రోజూ ఆ వేళకు నాకు ఏడుపొచ్చినంత పనయ్యేది.

మాకు రెండిళ్ల అవతల ఒక లారీ డ్రైవరు భార్య ఉండేది. లైనంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్లం. ఒకనాడు నేను విరిగిన రొట్టెను పెనం మీద అతికించడానికి తంటాలు పడుతుంటే గుమ్మంలో నిలబడి చూసి, నవ్వకుండా, నన్ను చేయి పట్టుకొని తన ఇంటికి తీసుకుపోయింది. కసాయి మొద్దు మీద కత్తితో కొట్టించి తెచ్చిన ఖీమా పావుకిలో, పొద్దున నానేసి ఉడకబెట్టిన శనగపప్పు ఒక గిన్నెడు, సన్నగా తరిగిన రెండు ఆలుగడ్డలు, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పసుపు, నాలుగు పచ్చిమిరపకాయలు. పప్పూ ఆలుగడ్డా కలిసి ఆ పావుకిలోను కిలో చేస్తాయని ఆమె లెక్క. బేకరీలో నిన్నటి డబల్‌రొట్టె చవకగా ఇస్తారు, అది గట్టిగా ఉంటుంది గనుక దీనికి అదే మంచిదట. దాన్ని మందంగా కోసి, పెనం మీద నూనె చుక్క వేసి అంచులు ఎర్రబడేదాకా కాల్చి, ఒక ముక్క మీద ఖీమా పరిచి, నిమ్మకాయ పిండి, పైన ఇంకో ముక్క మూతలా పెట్టి, నీళ్లు నింపిన ఇత్తడి చెంబు దాని మీద పెట్టేది. ఆ బరువుకు రసం రొట్టెలోకి దిగేది. పొయ్యి వెలిగించినప్పటి నుంచి నోట్లో పెట్టుకునేదాకా అరగంట కూడా పట్టలేదు.

అది పెద్దకూర అని ఆమె చెప్పకముందే వాసనకు నాకు తెలిసిపోయింది. మా నాయన ఇల్లు గుర్తొచ్చింది. రెండు ముక్కలు కాగితంలో చుట్టి ఇస్తే తీసుకొచ్చి, మా ఆయన రెండో షిఫ్టుకు పోయి ఉన్నాడు గనుక, అత్తమ్మ ముందు పెట్టి నిలబడ్డాను. ఆమె ఒక ముక్క కొరికింది. నమలడం ఆపి నా మొహం చూసింది. మళ్లీ నమిలింది. రెండోదీ తిని, వేళ్లకంటినది కూడా తిని, చాలా రోజుల తర్వాత నీళ్లు పూర్తిగా తాగి పడుకుంది.

అలా మొదలైంది. మా ఆయనకు రెండో షిఫ్టు పడిన వారాల్లో, వారానికి ఒకటి రెండు సార్లు, ఖాలా తన సామాన్లతో పాటు తెచ్చిన ఖీమాను మూత డబ్బాలో అందించేది, నేను వంటకొట్టం తలుపు దగ్గరికి వేసుకొని చేసేదాన్ని. మా ఆడబిడ్డ ఇంగ్లీషు వాచకంలో సాండ్‌విచ్ అనే మాట వచ్చిందట, బళ్లో ఎవరికీ అర్థం తెలియకపోతే తను మాత్రం లోపల్లోపల నవ్వుకున్నదట. ఆ పిల్ల బుగ్గలు నిండాయి, అత్తమ్మ లేచి వాకిలి ఊడవడం మొదలుపెట్టింది. మా ఆయన అది చూసి మందులు బాగా పనిచేశాయని సంతోషపడ్డాడు. నేను ఆయన మొహం చూడకుండా మందు సీసాలు సర్దేదాన్ని.

మా గోడ పక్క ఇల్లు ఫ్యాక్టరీ టైము ఆఫీసులో కార్మికుల హాజరు రాసే గుమాస్తాది. ఆయన భార్య జక్రాన్‌పల్లి వైపు పసుపు రైతుల బిడ్డ, నాకంటే రెండేండ్లు చిన్నది, తొలిచూలు. నన్ను అక్కా అనేది. ఒకనాటి సాయంత్రం నేను చెంబు పెనం మీద పెట్టి నిలబడి ఉంటే, దగ్గరగా వేసిన తలుపు తోసుకొని వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

“అక్కా, ఏం వండుతున్నవ్? రెండు దినాల సంది నాకు అన్నం పోతలేదు. గీ వాసనకు మాత్రం తినబుద్ధయితుంది. ఇంత పెడ్తవా?”

వెనక మూల కూర్చున్న అత్తమ్మ చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. లేదనడానికి వీల్లేదు, పెనం మీద కనబడుతూనే ఉంది. కడుపుతో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగింది. యాట ఖీమా, మేకదే అని ఒక్క మాట అని చేతిలో పెడితే ఆమె తిని సంతోషంగా పోతుంది, మా ఇల్లూ గుట్టుగా ఉంటుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, ఇప్పటికీ నేను దాన్ని కాదనను. కానీ ఆమె అక్కా అని పిలిచి చేయి చాపింది.

“చెల్లె, ఇది యాట కాదు. పెద్దకూర. నీకు పెట్టరాదు” అన్నాను.

ఆమె చాపిన చేయి వెనక్కి తీసుకొని వెళ్లిపోయింది. కొంచెంసేపటికి గోడ అవతల వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. అది వేవిళ్ల వాంతో, నా మాటకు వచ్చిన వాంతో నేను ఏనాడూ అడగలేదు.

ఇక దాచడంలో అర్థం లేదని, మరునాడు పొద్దున మా ఆయన చాయ్ తాగుతుంటే అంతా చెప్పేశాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. అరవలేదు. బాపు నిలబెట్టిన పేరు నువ్వు గిట్ల చేసినవా అని మాత్రం అన్నాడు, కండ్లలో నీళ్లు తిరిగాయి. గుమాస్తా ఒక్క మాట అంటే చాలు, వచ్చే సీజనుకు తన పేరు జాబితాలో ఉండదని ఆయన భయం. నేను తల వంచుకొని నిలబడ్డాను. అప్పుడు అత్తమ్మ మాట్లాడింది. ఆమె గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

“ఒట్టు మీ బాపు పెట్టుకున్నడు. నన్నెవ్వలడిగిండ్రు? ఆయన ఉన్నన్ని దినాలు ఆయన మాట మీద ఉన్న. ఇగ కడుపుకు బట్టింది తిననియ్యి కొడుకా.”

ఆయన తల్లి మొహం చూడలేక బయటికి వెళ్లిపోయాడు. ఆ వారమంతా మా ఇంట్లో పళ్లేల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పక్కింటి తలుపు మూసే ఉండేది. బోరింగు దగ్గర ఆమె కనబడితే నేను బిందె పట్టుకొని వెనక్కి వచ్చేసేదాన్ని. షిఫ్టు నుంచి మా ఆయన రాగానే అత్తమ్మా నేనూ ఆయన మొహమే చూసేవాళ్లం. ఏ కబురూ లేదు.

ఆదివారం పొద్దున, నేను బియ్యం చెరుగుతుంటే, పక్కింటామె మా గడప బయటికి వచ్చి నిలబడింది. తన భర్త యాట ఖీమా, డబల్‌రొట్టె తెచ్చాడని, తనకు చేయడం రాదని, వచ్చి చేసి పెట్టమని అడిగింది. నేను చేట పక్కన పెట్టాను. ఆమె కిందికి చూస్తూ, “నువ్వు ఊకుంటే నేను తింటుంటి అక్కా. నాకేం తెలుస్తుండె? నువ్వు చెప్పినవు. గది ఎవ్వలితోని అనలే, మా ఆయనతోని గూడ అనలే” అన్నది.

ఆమె ఇంట్లో, ఆమె పొయ్యి మీద, ఆమె గిన్నెలో చేశాను. పప్పు తక్కువ వేసి ఖీమా ఎక్కువ వేసే వీలు నాకు ఆనాడే దొరికింది. ఆమె గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని మూడు తిన్నది, తింటూ ఏడ్చింది, ఎందుకని అడిగితే ఆకలికి అన్నది. నాకొకటి మోదుగాకులో పెట్టి ఇచ్చింది. నేను వెనక మెట్టు మీద కూర్చొని తిన్నాను. లోపల కూర్చోమని ఆమె అనలేదు, నేనూ అనుకోలేదు. అప్పుడు నాకు అందులో లోటేమీ కనబడలేదు. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం కలుక్కుమంటుంది.

మళ్లీ రెండో షిఫ్టు వారం వచ్చింది. మా ఆయన ఇంటి నుంచి బయలుదేరబోతూ చెప్పులు తొడుక్కుంటూ, అటు తిరిగే, శనగపప్పు నానేసినవా అని అడిగాడు. అంతే. ఆయన మాత్రం చివరిదాకా ముట్టలేదు, తండ్రి ఒట్టు తనదే అనుకున్నాడు. కానీ ఆనాటి నుంచి బేకరీకి పోయి డబల్‌రొట్టె తెచ్చే పని ఆయనదే. మరో రెండు సీజన్లకు పర్మనెంటు అయ్యాడు. మేము ఏం తింటామని ఏ కాగితంలోనూ ఎవరూ అడగలేదు.

పక్కింటామెకు నొప్పులు మొదలైనప్పుడు మంత్రసాని వచ్చేదాకా చేయి పట్టుకొని కూర్చున్నది నేనే. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల మా ఇంట్లోనే పాకింది, మా అత్తమ్మ ఒళ్లోనే నిద్రపోయింది. తల్లి మాత్రం మా ఇంట్లో ఒక్కనాడూ పచ్చి మంచినీళ్లు తాగలేదు. మేమూ ఇవ్వజూపలేదు. బదిలీ మీద వెళ్లిపోతూ నన్ను పట్టుకొని ఏడ్చిన ఏడుపు మాత్రం అబద్ధం కాదు. రెండూ నిజమే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయడం నాకు ఈ వయసులో కూడా చేతకాదు.

ఇప్పుడు ఖాలా లేదు, అత్తమ్మ లేదు, మా ఆయన పోయి ఆరేండ్లు. ఫ్యాక్టరీ చిమ్నీ పొగ మానేసి చాలా కాలమైంది. నేను నిజామాబాద్‌లో కూతురి దగ్గర మూడో అంతస్తులో ఉంటున్నాను. వంటింట్లో స్విచ్చి వేస్తే వాసనంతా గొట్టంలోంచి బయటికి పోతుంది, మేము ఏం వండినా ఎదురింటికి తెలియదు, వాళ్లు ఏం వండినా మాకు తెలియదు. ఎదురు తలుపు వాళ్ల పేరు కూడా నేను బోర్డు మీద చదివి తెలుసుకున్నదే. భయపడి తలుపు దగ్గరికి వేసుకోవలసిన బాధ లేదు, అది మంచిదే. కానీ ఆకలి వేసి తలుపు తోసుకొని వచ్చి, అక్కా, ఇంత పెడ్తవా అని అడిగే మనిషి కూడా ఇక రాదు.