లేసుల మాస్టారి మీద నా ఫిర్యాదు

మా లేసుల మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఆయన బూట్ల లేసులు గంటకు పదిసార్లు ఊడిపోతాయి. ఊడిన ప్రతిసారీ ఆయన మోకాలి మీద కూర్చుని, రెండు బూట్లవీ పూర్తిగా విప్పి, చంటిపిల్లకు తల దువ్వినంత శ్రద్ధగా మళ్లీ కట్టుకుంటారు. ఈలోగా మనం బరువులు దించి, గోడకు ఆనుకుని, ఆయన నడినెత్తి చూస్తూ నిలబడాలి. అలాంటి మనిషి మీద ఫిర్యాదు రాసిన ఘనుణ్ణి నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

బేకరీ మీద మేడలో ఉన్న జిమ్‌లో ఆయన ట్రైనర్. ఇప్పుడు చూస్తే చెక్కిన బొమ్మలా ఉంటారు గానీ, ఒకప్పుడు నూట ఇరవై కిలోల మనిషి. టికెట్ కౌంటర్లో కూర్చుని కూర్చుని కుర్చీకే అతుక్కుపోయారట.

"నా పాదాలు నేను చూసుకుని నాలుగేళ్లయిందండీ అప్పటికి. ఉన్నాయో లేవో మా ఆవిణ్ణి అడిగి తెలుసుకునేవాణ్ణి. లేసులూ ఆవిడే కట్టేది," అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పేవారు.

"మరి ఎలా తగ్గారు మాస్టారూ?"

"నా వయసు నలభై, నా గుండె వయసు డెబ్భై అన్నాడు డాక్టరు. సరే, పెద్దది కదా అని దాని మాట విని నడక మొదలెట్టాను."

తన లేసులు తనే కట్టుకోగలిగిన రోజున ఆయన వీధంతా తిరిగి ఇంటింటికీ బూట్లు చూపించారట. ఆ మోజు ఇంకా తీరలేదని మేమందరం తేల్చేశాం. కుట్టుమిషను మీద నడుం పట్టేసి మా జిమ్‌లో చేరిన టైలరమ్మ, ఆయన పుట్టినరోజుకు లేసుల్లేని బూట్లు కొనిచ్చింది. మాస్టారు సంతోషంగా పుచ్చుకుని, మర్నాడు వాటికి కన్నాలు పొడిపించి, లేసులు ఎక్కించుకుని వచ్చారు.

ఇక నా సంగతి. "రాయిలా ఉన్నాను, ఆయాసమంటే ఏమిటో తెలీదు," అని ఇంట్లోనూ ఆఫీసులోనూ కోతలు కోసేవాణ్ణి. మా ఆవిడ నమ్మినట్టే తలూపేది. ఆ పొగరుతోనే మూడు రోజులపాటు వాచీ చూసి, లేసులకు పోయిన ప్రతి నిమిషమూ రాసి, ఆ కాగితం ఓనరమ్మ బల్ల మీద పెట్టాను.

ఓనరమ్మ ఒకటే మాట మనిషి. మాస్టారిని అందరి ముందుకూ పిలిచింది.

"మీ లేసుల గోలతో నాకూ విసుగొచ్చింది. ఈ కాగితంలో ఉన్నది నిజమైతే రేపట్నించి మీరు రావక్కర్లేదు. సార్, మీరే చదవండి."

గొంతు సవరించుకున్నాను. "సోమవారం. ఏడో గుంజీ తర్వాత లేసులు, మూడు నిమిషాలు. మెట్లు రెండోసారి ఎక్కాక లేసులు, నాలుగు నిమిషాలు. మంగళవారం. ట్రెడ్‌మిల్ దిగగానే లేసులు, ఐదు నిమిషాలు. బుధవారం. చేతులు చాచడం మాత్రమే. లేసులు ఒక్కసారీ ఊడలేదు..."

అక్కడ నా నోరు పడిపోయింది. ఏడో గుంజీకి నా మోకాళ్లు వణికిపోయాయి. మెట్ల మీద నాకు ఊపిరాడలేదు. ట్రెడ్‌మిల్ దిగగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. బుధవారం నేను హాయిగా ఉన్నాను, ఆయన లేసులూ హాయిగా ఉన్నాయి.

"ఆగారేం?" అంది ఓనరమ్మ.

మాస్టారే అందుకున్నారు. "వారు రాసింది నిజమేనండీ. లేసులు నా బలహీనత."

ఉద్యోగం పోతున్నా ఆయన నా ఆయాసం ఊసెత్తలేదు. ఆయన కుటుంబానికి ఈ జీతం తప్ప వేరే ఆధారం లేదని నాకు తెలుసు. నేను నోరు మూసుకుంటే నా పరువు నిలబడుతుంది, ఆయన ఇంటికి పోతారు. కాగితం ఓనరమ్మ చేతికిచ్చేశాను.

"లేసులు ఊడట్లేదండీ! ఆయనే విప్పుకుంటున్నారు," అన్నాను. "నాకు ఆయాసమొచ్చినప్పుడల్లా. నేను ఏడు గుంజీలకే కూలబడే రకం. అది ఎవరి కంటా పడకుండా, నాకంటే ముందు ఈయన కూర్చుంటున్నారు."

గదిలో ఉన్నవాళ్లందరూ యంత్రాలు ఆపి నా వైపు తిరిగారు. భూమిలోకి కుంగిపోతే బాగుండునని అనిపించింది. ఇంతలో టైలరమ్మ నెమ్మదిగా చెయ్యెత్తింది.

"నేను నాలుగు గుంజీలకే."

"నాకు మెట్లంటేనే భయం," అన్నాడు రోజూ ఊరి మెట్లన్నీ ఎక్కే పోస్ట్‌మ్యాన్.

ఓనరమ్మ మాస్టారి వంక చూసింది. ఆయన దొంగతనం చేసి దొరికిపోయినట్టు నిలబడ్డారు.

"జిమ్‌కి వచ్చిన మొదటిరోజు నేను ఆయాసంతో కూలబడితే అందరూ చూశారండీ. ఆ సిగ్గుకి ఎనిమిది నెలలు మళ్లీ గుమ్మం తొక్కలేదు. ఈలోగా ఇంకో పన్నెండు కిలోలు పెరిగాను. వీళ్లూ అలా మానేస్తారేమోనని..."

ఓనరమ్మ నా కాగితం నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో పడేసింది. "మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. వెళ్లి పని చూసుకోండి," అంది.

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "మాస్టారూ, నా బుద్ధి గడ్డి తిని..."

"అవన్నీ తర్వాత. ముందు పది గుంజీలు కానివ్వండి."

ఆరోదానికే మోకాళ్లు పట్టు తప్పాయి. "ఆయాసంగా ఉందండీ, కాసేపు కూర్చుంటాను," అన్నాను, గదంతా వినపడేలా. ఎవరూ నవ్వలేదు. అప్పటికే బెంచీ మీద రొప్పుతూ కూర్చున్న టైలరమ్మ, కాస్త జరిగి నాకు చోటిచ్చింది.