పొడి అక్షరం

డాలస్ ఎయిర్‌పోర్టులో మా విమానం ఆలస్యమైంది. పక్క సీట్లో కూర్చున్న ముసలాయన జర్మన్. రిటైరైన జడ్జి, తత్త్వశాస్త్రం మీద పుస్తకాలు రాస్తాడట. ఏదో యూనివర్సిటీలో దయ గురించి ప్రసంగించడానికి వెళ్తున్నాడు.

ఆశ్రయం కోరిన ఒక యువకుణ్ణి తాను వెనక్కి పంపించేశానని, సొంత దేశంలో దిగగానే అతన్ని చంపేశారని, ఆ బాధలోంచే కొత్త పుస్తకం పుట్టిందని ఇంగ్లీషులో చెప్పాడు. తెరిచి చూపించాడు. పేజీ పేజీకీ 'ఎ' అనే అక్షరం, పక్కన చుక్క.

"ఇదేమిటండీ?" అన్నాను.

"ఆ అబ్బాయే. మా తీర్పుల్లో పేర్లు వెయ్యం, పొడి అక్షరమే."

"అసలు పేరు?"

పేజీలు వెనక్కి తిప్పాడు. "గుర్తు లేదు. ఫైల్లో ఉంటుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. "మేం ఇంటిపేరునే పొడి అక్షరం చేస్తాం, మనిషి పేరు పూర్తిగా రాస్తాం. చావుకి పంపి, దాని మీద పుస్తకం రాసి, పేరే మర్చిపోయారా?"

మా ఆవిడ నా చెయ్యి లాగింది. "నెమ్మదండీ, అందరూ చూస్తున్నారు. అసలే మీకు బీపీ."

"పెరగనీ" అన్నాను.

"అతన్ని ఉండనివ్వడానికి చట్టం ఒప్పుకోలేదు" అని ఆయన పుస్తకం మూశాడు.

మాకంటే ముందు ఆయన విమానానికి పిలుపొచ్చింది. లేచి, చెయ్యి చాచి, తన పేరు ఇంటిపేరుతో సహా నిదానంగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

దారిలో పరిచయమైనవాళ్ల పేర్లు డైరీలో పూర్తిగా రాసుకోవడం నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు మాత్రం ఆయన పేరులో మొదటి అక్షరం రాసి, చుక్క పెట్టాను.