యాక్సిల్‌కు దండం పెట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. డిగ్రీ పాసై, జనగామలో మా చిన్నాయన నడిపే పాత లారీ సామాన్ల షెడ్డులో చేరి ఎనిమిది నెలలయిందో లేదో, లోకంలోని లారీలన్నీ నా సలహాతోనే తిరుగుతున్నాయన్నంత ధీమా వచ్చేసింది. నిజానికి నన్ను పెట్టుకున్నది ఫోన్లు ఎత్తడానికి. కానీ ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది అడిగేది యాక్సిల్ గురించే. వెనక చక్రాల మధ్య ఉండి లోడంతా మోసే ఇరుసు అది. పెద్ద టిప్పర్‌దైతే నలుగురు పట్టినా కదలదు. పాత యాక్సిల్‌కు మూడు ధరలుంటాయని చిన్నాయన నేర్పాడు. ఉన్నదున్నట్టు బండికి బిగించగలిగితే నడిచే ధర, విడదీసి లోపలి పళ్ళచక్రాలూ షాఫ్టులూ అమ్ముకోవాల్సిందైతే విప్పే ధర, రెండింటికీ పనికిరాకపోతే ఇనుప తూకం ధర. ఏది ఏ ధరకు తగుతుందో చూసి చెప్పడమే ఈ వ్యాపారంలో విద్యంతా. అది నాకు బాగానే అబ్బింది (అబ్బిందన్న నమ్మకం ఇంకా బాగా అబ్బింది).

దసరా అయిన నాలుగో రోజు నెల్లికుదురు నుంచి ఒక అన్న వచ్చాడు. ఆయనకున్నది ఒకే టిప్పర్, దానికి డ్రైవరూ ఆయనే. యాక్సిల్ పగిలి బండి మూడు వారాలుగా మహబూబాబాద్‌లో మెకానిక్ దగ్గర పడి ఉంది. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లు విప్పి అమ్ముతున్నారని విని, చూసిపెట్టే మనిషి కోసం మా దగ్గరికి వచ్చాడు. చిన్నాయనకు నడుము పట్టేసి మంచం దిగలేకుండా ఉన్నాడు. "నువ్వు పోతవా బిడ్డా?" అని ఆయన అడగడం పూర్తయ్యేలోపు నేను చెప్పులేసుకున్నాను. "నడుస్తదంటె నడుస్తదను, లేదంటె లేదను. నీ మాట మీదనే ఆయన బండి రోడ్డెక్కేది" అని చెప్పి పంపాడు. కిరాయి ట్రాలీ బండిలో కూర్చున్నప్పటి నుంచి అన్నకు ఒకటే బాధ. "ఇంటామె కూలికి పోతున్నది చెల్లె. బండి నడిచినన్ని దినాలు ఆమెను ఎన్నడు పోనియ్యలే." నేను అనుభవజ్ఞురాలిలా తలూపాను.

భూపాలపల్లి యార్డులో మాకు కుర్చీలేసి, చాయ్ తెప్పించి, యజమాని ఒక యాక్సిల్ చూపించాడు. మీద మూడు కుంకుమ బొట్లు, బంతిపూల దండ, ఒళ్ళంతా పసుపు, పెళ్ళికూతురిలా ఉంది. "తుడవకు బిడ్డా, ఆయుధపూజ చేసినం. అది లక్ష్మి" అన్నాడు. తుడవడం మాట దేవుడెరుగు, నేను చెప్పులు విడిచి ఆ యాక్సిల్‌కు దండం పెట్టాను (ఈ మాట మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు). తర్వాత పని మొదలుపెట్టాను. లోపలి ఆయిల్ వేళ్ళ మధ్య రుద్ది చూశాను, ఇనుప రజను తగల్లేదు. పళ్ళచక్రాన్ని చేత్తో తిప్పాను, వదులు లేదు. షాఫ్టు బయటికి లాగించి దాని చివర పళ్ళలా చెక్కిన గాళ్ళు చూశాను. ఓవర్‌లోడు మోసినదైతే అవి మెలిదిరిగి ఉంటాయి, ఇవి తిన్నగా ఉన్నాయి. చివరికి చిన్నాయనలాగే కళ్ళు మూసుకుని పానాతో టంగుమని కొట్టి విన్నాను. ఏం వినపడిందో నాకిప్పటికీ తెలియదు. "నడిచే ధర పెట్టొచ్చు" అని తీర్పు చెప్పాను. "చూడనీకి పిల్ల గని, పెద్ద ఇంజనీరే" అన్నాడు యజమాని. నేను జానెడు ఎత్తు పెరిగాను. అన్న డబ్బు కట్టేశాడు.

క్రేన్‌తో ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు యాక్సిల్ తిరగబడి, పొట్ట ఆకాశం వైపు పెట్టి పడుకుంది. చిట్యాల దగ్గరికి వచ్చాక ఎందుకో వెనక్కి తిరిగి అద్దంలోంచి చూశాను. మీది వైపు కంటే కింది వైపే పసుపు మందంగా ఉంది. ఆయుధపూజ మేమూ చేస్తాం. బొట్టు ఎదురుగా కనపడేచోట పెడతాంగానీ, లారీ కిందికి దూరి ఇరుసు పొట్టకు పసుపు మెత్తే భక్తుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఆ పసుపు కింద ఏ పగులో దాచినట్టున్నారు. చెబితే ఇంజనీరు బిరుదు పోతుంది, చిన్నాయన మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చోబెడతాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియకపోవచ్చు. రెండు కిలోమీటర్ల దూరం నోరు మూసుకునే కూర్చున్నాను. పక్కన అన్న తన భార్యకు ఫోన్ చేసి, "రేపటి సంది పోకు, బండి అయితది" అంటున్నాడు.

"బండి ఆపున్రి" అన్నాను. "అన్నా, నేను తప్పు చెప్పిన్నేమో. జర మల్ల చూడాలె."

రోడ్డు పక్కన ఇంట్లో ఒక అవ్వను అడిగి గిన్నెడు ముగ్గుపిండి తెచ్చాను. పసుపు తుడవబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "బొట్టు తుడుస్తరా చెల్లె, కీడు గాదా?" "లక్ష్మి ఉంటె మనల్ని సమజ్ చేసుకుంటది అన్నా. లేకుంటె అసలు పరేషానే లేదు" అని తుడిచేశాను. ఆ చోట డీజిల్ పూసి, కాసేపాగి పొడిగా తుడిచి, మీద ముగ్గుపిండి చల్లాను. పగులుంటే లోపల దాక్కున్న డీజిల్ మెల్లగా బయటికి వచ్చి పిండిని తడుపుతుంది. "గిదేం పూజ బిడ్డా?" అని అవ్వ వంగి చూస్తుండగానే, తెల్లటి పిండి మీద జానెడు పొడవున నల్లగీత తేలింది. అన్న తిడతాడనుకున్నాను. ఆయన గట్టు మీద కూలబడి, "లోడు మీద ఇరిగితె క్యాబిన్ల నేనే ఉంటుంటి చెల్లె" అని మాత్రం అన్నాడు.

వెనక్కి వెళ్ళాం. "పసుపు తుడిసిన్రా!" అని యజమాని గుండె మీద చెయ్యేసుకున్నాడు. "తుడిసినం, పగులు దొరికింది. లోపలి సామాను మంచిదే, విప్పే ధరకు వేరేటోళ్ళకు అమ్ముకోన్రి. మాకు నడిచేది చూపియ్యున్రి" అన్నాను. పక్కన ఇంకో ఇద్దరు బేరగాళ్ళు చెవులు రిక్కించేసరికి ఆయన గొంతు తగ్గింది, మార్చి ఇస్తానన్నాడు. మూలన తుప్పుపట్టిన యాక్సిల్ ఒకటుంది. పొద్దున దాన్ని చీదరించుకుని చూడనే లేదు నేను. లోపలి సామాను చూసి, డీజిల్ పూసి తుడిచి, సున్నం కొట్టిన గోడలా అయ్యేదాకా దాని ఒళ్ళంతా ముగ్గుపిండి చల్లాను. ఒక్క గీతా తేలలేదు. అదే మహబూబాబాద్ చేరింది, టిప్పర్ రోడ్డెక్కింది, ఆ వదిన కూలికి వెళ్ళడం మానేసింది.

జరిగిందంతా చిన్నాయనకు చెప్పాను. "నేను పోయినా దొరుకుతుండెనో లేదో బిడ్డా. పసుపు తుడవనీకి నాకు చెయ్యి రాదు" అన్నాడు. మరుసటి వారం ఫోన్లకు వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ షెడ్డు నాదే. భూపాలపల్లి నుంచి గార్ల దాకా, "జనగామ అక్క చూసిందా?" అని అడిగాకే యాక్సిల్ ధర మాట్లాడతారు. నాకు గర్వమే, దాచుకోను. కానీ అంతకంటే ఎక్కువ గర్వం ఆనాటి ఆ గొప్పల పిల్లను చూస్తే. తను చెప్పింది తప్పు అని ఒప్పుకోవడానికి దానికి రెండు కిలోమీటర్లు సరిపోయాయి. ఇంత పేరొచ్చాక, నాకు ఒక్కోసారి వారం పడుతోంది.